చివరి పేరాలో పెట్టిన దెబ్బ

మా పబ్లిషర్ ఒక మనిషి మీద తుపాకీ పేల్చాడని నాకు చెప్పింది ఆయనే.

పందొమ్మిది వందల డెబ్భైల నడుమ, మస్కట్‌లోని రూవిలో ఒక ఒమానీ వర్తకుడు పెట్టిన ఇంగ్లీషు వారపత్రికలో నేను సబ్ ఎడిటర్‌ని. అంతకుముందు ఎనిమిదేళ్లు విజయవాడలో తెలుగు దినపత్రిక డెస్కులో పనిచేశాను. పత్రిక నడపడానికి వర్తకుడు అమెరికా నుంచి రప్పించిన మనిషి ఈ పబ్లిషర్. ఆయనకు అరవై దాటాయి. ఎడమ చెవి సగమే ఉండేది.

మొదటి సంచికలో ఆయన జీవిత విశేషాలు వేయాలన్నాడు వర్తకుడు. రాసే పని నాకు పడింది. ఒకప్పుడు అక్కడి శాసనసభలో ఉన్నాడని విని, ఎన్నికల్లో ఎలా గెలిచారని అడిగితే ఆయన ఆ మాట పక్కన పెట్టి వాళ్ల నాన్న దగ్గర మొదలుపెట్టాడు. బొగ్గు గనుల ఊళ్లో నాలుగు పేజీల పత్రిక వాళ్లది. పద్నాలుగో ఏట అక్షరాలు పేర్చడం నేర్చాడు, తండ్రి పోయాక పత్రిక తీసుకున్నాడు. గని కార్మికులు సమ్మె కట్టినప్పుడు యజమానుల కిరాయి మనుషులు వాళ్లను బజారులో గొడ్డలి కామలతో కొట్టారు. కొట్టినవాళ్ల పేర్లన్నీ ఈయన అచ్చువేశాడు. మర్నాడు కిటికీలోంచి రాయి వచ్చింది. ఆ మర్నాడు కాగితం రీములు తగలబడ్డాయి. మూడో రోజు సుత్తులు, పారలతో అచ్చుయంత్రం మీదికొచ్చారు. పార అంచు తగిలి చెవి తెగింది. అప్పుడు తీశాడు తండ్రి తుపాకీ. గుమ్మంలో అడుగుపెట్టినవాడి మోకాలు ముక్కలైంది.

కోర్టు ఈయన్ని వదిలేసింది. తర్వాతి ఏడాదే రాష్ట్ర శాసనసభకు నిలబడి గెలిచాడు. మరోసారి కూడా గెలిచాడు. మూడోసారి ఆ కుంటివాడి తమ్ముడు ఇల్లిల్లూ తిరిగి ఓడించాడు. పత్రిక అమ్ముకున్నాడు.

మోకాలు పోయిన మనిషి ఏమయ్యాడని అడిగాను.

"పదకొండేళ్లు కర్రల మీద నడిచాడు. వీధిలో కనిపిస్తే నేను టోపీ తీసేవాణ్ణి. అతను ఉమ్మేవాడు."

ఈ కథంతా నేను మా డెస్కు పద్ధతిలో రాశాను. తాజా సంగతి మొదటి పేరాలో, దాని వెనకటివి కింద, అన్నిటికంటే పాతవి చివర. చోటు చాలకపోతే ప్రెస్సులో పేజీలు కట్టించే ఫోర్‌మన్ కిందినుంచి కోసేసినా వార్త బతకాలి. మేమంతా అలాగే నేర్చుకున్నాం. రూవిలో కూడా చోటు చాలలేదు. రాయి, నిప్పు, పార పోయి తుపాకీ మిగిలింది. పబ్లిషర్ అచ్చయినది చదివి, పత్రికకు ఇది చాలులే అన్నాడు. ఆ మాటలో మెచ్చుకోలు ఎంతో నేను తూచుకోలేదు.

ప్రెస్సులో అచ్చక్షరాలకు సీసం కరిగించే పని జగిత్యాల పక్క నుంచి వచ్చిన ఒకతను చేసేవాడు. ముప్పై ఏళ్లుంటాయి, మాట తక్కువ. మా ఫోర్‌మన్‌కు చెయ్యి చేసుకోనిదే డ్యూటీ మొదలైనట్టుండేది కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూనే అతని చెంప మీద కొట్టేవాడు, దోమను కొట్టినట్టు. యంత్రం నడిపే హైదరాబాదీ నవ్వించబోయేవాడు: "దినాం ఒకే దిక్కు కొడ్తుండు భాయ్, రెండో చెంప కూడ చూపియ్, పాపం దానికి కోపమొస్తది." అతను నవ్వేవాడు కాదు. నేను ప్రూఫులు దిద్దుకుంటూ ఉండేవాణ్ణి.

ఒక రోజు సీసం పలచన కాలేదని ఫోర్‌మన్ అతని కుడి ముంజేతిని పట్టుకుని కాగుతున్న సీసం కుండ అంచుకు అదిమాడు. చర్మం అంచుకే అంటుకుని ఊడివచ్చింది. ఆ వాసన మా గది దాకా వచ్చింది. కట్టు కట్టించుకుని మర్నాడే పనికొచ్చాడు. రాకపోతే డ్యూటీ పోయేది.

మూడు వారాలు కాకముందే, ఆ మానని చేతినే ఫోర్‌మన్ మెలిపెట్టాడు. పొద్దున పదిగంటలు. ఈసారి నేను గుమ్మంలోనే ఉన్నాను. అతను ఎడమచేత్తో సీసం కలిపే ఇనుపకడ్డీ అందుకుని ఫోర్‌మన్ దవడ మీద కొట్టాడు. పడ్డాక ఇంకోసారి కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు యంత్రం మోతలో కూడా వినబడింది. పళ్లు నేల మీద దొర్లాయి. ఒక కన్ను రక్తంలో మునిగిపోయింది. యంత్రాన్ని ఆపాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. కాగితాలు ఒకదాని మీద ఒకటి పడుతూనే ఉన్నాయి, పైవాటి మీద ఎర్రని చుక్కలు. మూడో దెబ్బకు కడ్డీ లేచినప్పుడు పబ్లిషర్ పరుగున వచ్చి వెనకనుంచి అతన్ని కావలించుకుని నేలకు పడేశాడు.

పోలీసులు అతన్ని తీసుకుపోయారు. మొదటినుంచీ చూసిన సాక్షిని నేనొక్కణ్ణే. హైదరాబాదీ అటు తిరిగి యంత్రం దగ్గరున్నాడు. పబ్లిషర్ చూసింది రెండు దెబ్బలు పడ్డాకే. చూసింది ఇంగ్లీషులో రాసివ్వమన్నారు పోలీసులు, అరబ్బీలోకి వాళ్లే మార్చుకుంటారట. ఫోర్‌మన్ వెంట ఆసుపత్రికి పోతూ పబ్లిషర్ నా భుజం పట్టుకున్నాడు.

"ఎక్కడ మొదలైందో అక్కడినుంచి రాయి. తొందరపడకు."

ఎనిమిదేళ్లు డెస్కులో రాసినవాడికి ఇది చెప్పాలా అనుకున్నాను. గంటలో రెండు పేజీలు రాసిచ్చాను. మొదటి పేరా ఇప్పటికీ నోటికి వచ్చు. ఫలానా ప్రెస్సులో పనివాడొకడు ఇనుపకడ్డీతో రెండుసార్లు కొట్టగా ఫోర్‌మన్ దవడ విరిగి, కంటికి తీవ్రగాయమైంది. రెండో పేజీ నడుమ ఘర్షణకు కారణాలన్నాను. మెలిపెట్టిన చెయ్యి, కాలిన చర్మం, రోజూ తిన్న చెంపదెబ్బలు అన్నిటికంటే చివర.

స్టేషన్‌లో గుమాస్తా మొదటి పేరా అరబ్బీలోకి మార్చాడు. అందులో అంతా ఉందని మిగతాది మడిచిపెట్టాడు. సీసం పనివాడికి ఆరునెలల జైలు పడింది, ఆ తర్వాత దేశం వదిలిపోవాలి.

పబ్లిషర్ నా కార్బన్ కాపీ తెప్పించుకుని నిలబడే చదివాడు.

"నా కేసులో లాయరు తుపాకీ దాకా రావడానికి గంటన్నర తీసుకున్నాడు," అన్నాడు. "నువ్వు కడ్డీతోనే మొదలుపెట్టావు."

ఆయనే స్టేషన్‌కు వెళ్లి బల్ల గుద్ది మాట్లాడాడు. ముద్ర పడ్డ కాగితం మారదన్నారు. ఫోర్‌మన్ను తీసేయమని వర్తకుణ్ణి అడిగితే ఆయన టీ తెప్పించి వేరే సంగతి మాట్లాడాడట. రెండు నెలలకు ఫోర్‌మన్ తీగలతో కట్టిన దవడతో తిరిగొచ్చాడు. సీసం కుండ దగ్గర కొత్త మనిషిని పెట్టారు. మొదటి వారంలోనే ఆ మనిషి చెంప మోగడం విన్నాను. ఆ రోజు ప్రూఫులు పక్కనపెట్టి లేచి వెళ్లి మధ్యలో నిలబడ్డాను. నా చెంప కూడా మోగింది. ఆ నెలాఖరుకు నా ఉద్యోగం పోయింది.

ఇండియాకు వచ్చేముందు జైల్లో ఉన్న ఆ జగిత్యాల మనిషిని చూడ్డానికి వెళ్లాను. ముఖం నల్లబడింది. చెయ్యి మానింది కానీ వేళ్లు పూర్తిగా ముడుచుకోవడం లేదు.

"సార్, గా ఫోర్‌మన్ నా చెయ్యి మెలిపెట్టిండని రాసినవా?"

రాశానన్నాను.

"ఏడ రాసినవ్?"

చివర అని చెప్పాను. అతను కటకటాల ఇనుము మీద గోటితో గీశాడు.

"మా దిక్కు పంచాయితీల మొదటికెల్లి చెప్తరు సార్. ఎంత రాత్రయినా ఇంటరు."

నేను ఊరికి పోతున్నానని, అతని ఇంటికి వివరంగా ఉత్తరం రాస్తానని, ఈసారి అన్నీ వరసగా పెడతానని అన్నాను. అతని గొంతులో కోపం లేదు.

"వద్దు సార్. నువ్వు రాయకు. నేను పోయినంక నేనే చెప్పుకుంట."