మిలటరీ లారీకి హీటర్ ప్లగ్గులు

మొన్న మా మనవడు అరసవల్లి తీసుకెళ్తానని తన డీజిలు బండిలో కూర్చోబెట్టి తాళం తిప్పగానే, ఎదర మెలికల తీగ బొమ్మతో ఒక పసుప్పచ్చ దీపం క్షణం సేపు వెలిగి ఆరిపోయింది. అదేమిటో వాడు పట్టించుకోలేదు, వాడికా అవసరమూ లేదు. నాకు మాత్రం అరవైల చివర్లో, మా సముద్రపు పాలెంలో కొత్త కోడలిగా ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నమంతా లారీ ఇంజను మీదికి వంగి గడిపిన సంగతి కళ్లకు కట్టింది.

మేనరికం కాబట్టి పెళ్లయ్యాక కూడా మా ఆయన్ని బావా అనే పిలిచేదాన్ని. బావ మిలటరీవాళ్లు వేలం వేసిన పాత డీజిలు లారీ ఒకటి కొన్నాడు. అంతవరకు పాలెం చేపంతా బయటి వ్యాపారి చెప్పిన ధరకే పోయేది. ఇక మీదట చీపురుపల్లి స్టేషనుకు చేర్చి తానే రైలుకెక్కిస్తానని అందరికీ మాటిచ్చాడు. మార్గశిరం వచ్చి చలి ముదిరేసరికి లారీ తెల్లవారుజామున మొరాయించడం మొదలుపెట్టింది. ఒకరోజు పడవల నిండా కోనాం పడితే, బండి కదలక, రైలు వెళ్లిపోయి, అంత మంచి చేపనూ ఉప్పేసి ఎండబెట్టుకోవలసి వచ్చింది. మళ్లీ ఇలా అయితే పాత వ్యాపారికే ఇచ్చేస్తామని పెద్దలు మెల్లగానే చెప్పి వెళ్లారు.

లోపం హీటర్ ప్లగ్గులదని బావ పసిగట్టాడు. చల్లబడిన ఇంజను అంటుకోవాలంటే ముందు అవి లోపల ఎర్రగా కాలాలి; మనవడి బండిలో వెలిగిన దీపం చెప్పేదీ ఆ సంగతే. మా లారీలో అవన్నీ ఒకే దండలో గుచ్చినట్టుండేవి, ఒక్కటి పోయినా మిగతావేవీ వేడెక్కవు. మరిది విజయనగరంలో పాత మిలటరీ సామాను దుకాణాలన్నీ గాలించి కొత్తవి తెచ్చి, మళ్లీ చేపల వేటకు వెళ్లిపోయాడు. ఈలోగా బావ అరచేతిలో జెల్ల చేప ముల్లు దిగి, చెయ్యి బూరెలా పొంగి, పానా పట్టే వీల్లేకపోయింది.

"నానిప్పుతాను బావా, నువ్వు పక్కన కూకోని సెప్పు" అన్నాను.

"ఆడదానివి, నీకేటే ఈ పని" అని అత్త గొణిగింది గాని, ఆవిడే తన పాతచీర తెచ్చి మసి అంటకుండా నా నడుముకు చుట్టింది.

బ్యాటరీ తీగ ఊడదీసి, బావ చెప్పినట్టు ఒక్కొక్కటే విప్పుతూ వచ్చాను. అన్నీ మాట విన్నాయి, కట్టకడపటిది తప్ప. అది ఇరుకులో, తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది. బలవంతం చేస్తే లోపలే విరుగుతుంది. విరిగితే ఇంజను పై భాగమంతా ఎత్తాలి, ఆ పని తెలిసినవాళ్లు రాజాంలో కూడా లేరు. కిరసనాయిలు పోసి, నాననిచ్చి, మళ్లీ పోసి, పానాతో అటు రవ్వంత ఇటు రవ్వంత కదుపుతుంటే మోచేతులు గీరుకుపోయాయి. నెమ్మది నెమ్మది అంటూ బావ కూడా ఇంజను మీదికి వంగాడు. కిర్రుమని చిన్న చప్పుడైంది. విరిగిందనే అనుకున్నాను. విరగలేదు, తిరిగింది. తీసి చూస్తే దాని కొసన తీగ తెగి ఉంది. ఇన్నాళ్లూ మమ్మల్ని ఏడిపించింది అదే. చీకటి పడేలోగా కొత్తవన్నీ బిగించాను.

మర్నాడు తెల్లవారుతుండగా, మంచులో, పాలెమంతా లారీ చుట్టూ చేరింది. కోనాం మళ్లీ పడింది. ప్లగ్గుల్ని వేడెక్కించే మీట నన్నే లాగమన్నాడు బావ. లాగి పట్టుకుంటే దాని పక్కనున్న చిల్లుల మూత వెనక తీగ ముదురెరుపై, ఆ తర్వాత నిప్పుకణమైంది. స్టార్టరు తిప్పగానే లారీ రెండుసార్లు దగ్గి, నల్లటి పొగ కక్కి, నేల అదిరేలా అందుకుంది. ఎవరూ అడగకుండానే అత్త అందరి దగ్గరికీ వెళ్లి "మా కోడలే ఇప్పినాది, మా కోడలే బిగించినాది" అని చెప్పుకొచ్చింది. కట్టు కట్టిన చేత్తోనే బావ స్టీరింగు పట్టాడు, పక్కన నేను కూర్చున్నాను. మేం వెళ్లేసరికి రైలింకా రాలేదు.

ఆ రోజు నుంచి పాలెంలో నేను ప్లగ్గులొదిననైపోయాను. ఎవరి బండి చలికి మొండికేసినా, ప్లగ్గులొదినా అని వాకిట్లోంచి కేక వినిపించేది. నేను చేతిలో పని వదిలి, కాస్త గర్వంగానే, పానా పట్టుకుని వెళ్లేదాన్ని.

ఇప్పుడు ఐసు వ్యాన్లు ఒడ్డుదాకా వస్తున్నాయి, చలికి ఆగే బండి లేదు. మంచిదే. పాలెంలో చిన్నా పెద్దా నన్ను మర్యాదగా మామ్మగారూ అంటారు. ప్లగ్గులొదినా అని పిలిచే గొంతు ఒక్కటీ మిగల్లేదు.