ఏ వంటింట్లోకీ వెళ్లని రెండు రోజులు

స్విండన్‌లో కాపురం పెట్టిన తొమ్మిదేళ్లలో మేం ఏ ఊరెళ్లినా హోటల్లో దిగలేదు. ఆ మాట నేను గొప్పగా చెప్పుకునేవాణ్ని. లండన్‌లో మా పిన్ని కొడుకు ఉన్నాడు. లీసెస్టర్‌లో పాత రూమ్మేటు. మాంచెస్టర్‌లో మా ఊరి డాక్టరుగారు. బ్రిస్టల్‌లో కాలేజీలో నాకు రెండేళ్ల సీనియర్, నేను అన్నయ్యా అని పిలిచే మనిషి. శుక్రవారం ఫోన్ చేసి వస్తున్నామంటే చాలు, మేం వెళ్లేసరికి సోఫాబెడ్ తెరిచి, దుప్పట్లు మడతపెట్టి ఉండేవి. మనవాళ్లంటే ఇలా ఉండాలి అని నేను కారు నడుపుతూ మా ఆవిడకి ఉపన్యాసం ఇచ్చేవాణ్ని. ఆవిడ వినేది.

2013లో దీపావళి దీపాలు చూడ్డానికి లీసెస్టర్ వెళ్లాం. రూమ్మేటు ఇంటికి ఇంకో రెండు కుటుంబాలు కూడా వచ్చాయి. మా ఆవిడకి ఒక అలవాటుంది. వంటింట్లోకి వెళ్లేముందు చేతి గాజులు మోచేతి దాకా పైకి తోసుకుంటుంది. ఆ సాయంత్రం గాజులు పైకి తోసుకుని పద్నాలుగు మందికి పూరీలు వత్తింది. మేం మగవాళ్లం హాల్లో కూర్చుని, నేను ఇంటి లోన్ల గురించి నాకు తెలియని సంగతులన్నీ చెప్పాను. దీపాలు చూడ్డానికి బయల్దేరే వేళకి ఆవిడ, "మీరెళ్లి రండి, గిన్నెలున్నాయి" అంది. మేం వెళ్లొచ్చాం.

మర్నాడు తిరుగు ప్రయాణంలో నార్తాంప్టన్ దాటాక అడిగింది.

"దీపాలు బాగున్నాయా?"

"చాలా బాగున్నాయి. నువ్వూ రావాల్సింది."

"మీరు నాకు ఈ దేశంలో నాలుగు ఊళ్లు చూపించానంటారు కదా. నేను నాలుగు వంటిళ్లు చూశాను. లండన్‌లో మీ తమ్ముడింట్లో మిక్సీ గిన్నె ఎక్కడుంటుందో చెప్పమనండి, చెప్తా. థేమ్స్ నది ఎటువైపుందో మాత్రం నన్నడక్కండి."

వెనక సీట్లోంచి మా పాప నవ్వింది. దానికి అప్పుడు ఎనిమిదేళ్లు. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిష్‌లోనే.

"షీ గాట్ యూ, డాడ్."

"ఏం కావాలో చెప్పు" అన్నాను.

"రెండ్రోజులు. ఎవరి వంటింట్లోకీ అడుగుపెట్టను. మనదీ వద్దు, ఇంకొకరిదీ వద్దు. అంతే."

మాటిచ్చాను. నా మాటలు చాలామటుకు కారులోనే ఇస్తాను, కారులోనే మర్చిపోతాను. ఈసారి ఆఫీసులో పక్క సీటాయన పుణ్యాన మర్చిపోలేదు. బ్రిస్టల్‌లో చిత్రకారులూ పాటగాళ్లూ ఉండే పేటలో ఒక చిన్న హోటలుందనీ, తన పెళ్లిరోజుకి అక్కడే దిగాననీ చెప్పాడు. మా ఊరి నుంచి గంటలోపు ప్రయాణం. మే నెలలో ఒక శుక్రవారం నుంచి ఆదివారం దాకా గది తీసుకున్నాను. అన్నయ్యా వాళ్ల ఊరే అది. ఆ సంగతి నాకు గుర్తుంది. ఆయనకి చెప్పకపోతే సరిపోతుందనుకున్నాను.

ఆ పేటలో ఖాళీ గోడ లేదు. ప్రతి దాని మీదా ఏదో ఒక బొమ్మ. పాత రికార్డుల కొట్టు, పాత బట్టల కొట్టు, మాంసం లేని మాంసం అమ్మే కొట్టు. ఒకాయన స్కర్టు కట్టుకుని సైకిల్ మీద పెద్ద గిటారు వేసుకుని పోతుంటే మా పాప వంగి దణ్ణం పెట్టినంత పని చేసింది. హోటల్ ఒకప్పుడు కుర్చీలు చేసే కార్ఖానా. మొత్తం పన్నెండు గదులు. వాటికి నంబర్లు లేవు, తలుపు మీద పిట్ట బొమ్మలున్నాయి. మాది కొంగ గది. తాళంచెవికి అరకిలో చెక్కముక్క వేలాడుతోంది. రిసెప్షన్ అంటూ వేరే లేదు, కాఫీ ఇచ్చే బల్ల దగ్గరే సగం జుట్టుకి నీలం రంగేసుకున్న అమ్మాయి పేర్లు రాసుకుంది.

గది చూసి నేను నోరెళ్లబెట్టాను. గోడలకి సున్నం లేదు, ఉత్త ఇటుకలు. బల్బులు తీగలకి వేలాడుతున్నాయి. గది నడిమధ్య, కిటికీ ఎదురుగా, నాలుగు కాళ్ల మీద నిలబడ్డ తెల్లటి స్నానాల టబ్బు.

"బాత్రూమ్ కట్టడం మర్చిపోయినట్టున్నారు" అన్నాను.

"టాయిలెట్ అటు పక్కనుంది, చూశా. కిటికీకి తెర కూడా ఉంది" అంది మా ఆవిడ. టబ్బు అంచు మీద చెయ్యేసి రెండుసార్లు నిమిరింది. "ఆదివారం దాకా ఇది నాదేనా?"

"నీదే."

ఆవిడ చెప్పులు విప్పి మంచం మీద వెల్లకిలా పడుకుని, పైకప్పు కేసి చూస్తూ నవ్వింది. అంత వెడల్పు నవ్వు మా ఇంట్లో ఎప్పుడు చూశానో గుర్తురాలేదు. మా పాప ఖాళీ టబ్బులో కూర్చుని పుస్తకం తీసింది.

అక్కడితో ఊరుకోవాల్సింది. కానీ ఇలాంటి చోట దిగానని నలుగురికీ తెలియకపోతే నాకు దిగినట్టుండదు. టబ్బు, దాని వెనక కిటికీ, కిటికీలోంచి అవతలి గోడ మీది బొమ్మ వచ్చేలా ఒక ఫొటో తీసి, మా కాలేజీవాళ్ల గ్రూపులో పెట్టాను. కింద "చిన్న విశ్రాంతి" అని కూడా రాశాను. పది నిమిషాల్లో ఫోన్ మోగింది. అన్నయ్య. నేను మెట్ల దగ్గరికి వచ్చి తీశాను.

"ఒరేయ్, ఎక్కడున్నావ్?"

"ఊరికే... బయటికొచ్చాం అన్నయ్యా."

"బయటికంటే? ఆ కిటికీలో కనబడేది కళ్లజోడు పెట్టుకున్న నక్క కాదూ? రోజూ ఆఫీసుకి దాని ముందునించే పోతా. మా ఊళ్లో ఉండి మాకు చెప్పకుండా హోటల్లో దిగావా? మేం చచ్చామనుకున్నావా?"

"అయ్యో, అదేం మాట."

"నీ పెళ్లికి లీవు ఇవ్వకపోతే దొంగ జ్వరం పెట్టుకుని వచ్చానురా నేను."

నిజం చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. అది నా నోట్లోనే ఉంది. నేను చెప్పింది మాత్రం ఇది: "రేపు పొద్దున నేరుగా మీ ఇంటికే అన్నయ్యా. సర్‌ప్రైజ్ ఇద్దామని."

"అలా చెప్పు! ఇదిగో మీ వదిన, మినప్పప్పు నానబోస్తోంది."

గదిలోకి రాగానే మా ఆవిడ ఎవరని అడిగింది. ఆఫీసన్నాను. ఆ సాయంత్రం వీధుల్లో తిరిగాం, కొట్టు మెట్ల మీద కూర్చుని పొట్లాల్లో శనగల వడల్లాంటి ఫలాఫెల్ తిన్నాం, మా ఆవిడ ఆకుపచ్చ పూసల గొలుసు కొనుక్కుంది. ఆమె ఏం చూపించినా నేను ఆహా అన్నాను. చెప్పడానికి ఎన్నో వీధులు దొరికాయి, ఒక్క వీధిలోనూ చెప్పలేదు.

శనివారం పొద్దున కిందకి దిగి పెద్ద చెక్కబల్ల దగ్గర టిఫిన్‌కి కూర్చున్నాం. మా ఆవిడ తినడం అవగానే తన పళ్లెంలో మా పళ్లేలు పెట్టి, ఫోర్కులన్నీ పైన పేర్చి, కాఫీబల్ల దగ్గరికి పట్టుకెళ్లింది. నీలం జుట్టు అమ్మాయి గబగబా వచ్చి అందుకుంది. అది తన పని అనీ, హాయిగా కూర్చోమనీ చెప్పింది. మా ఆవిడ తప్పు చేసిన పిల్లలా వచ్చి కూర్చుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్లో పెట్టుకుంది.

ఇప్పుడు చెప్పేద్దామని నేను గొంతు సవరించుకున్నాను. తలుపు తెరుచుకుంది.

"ఏవమ్మా, బ్యాగులు సర్దేశారా?" అంటూ అన్నయ్య, ఆయన వెనకే పెద్ద హాట్‌ప్యాక్‌తో వదిన. "ఇరవై నిమిషాల దారి, మధ్యలో ఆకలేస్తుందేమోనని మీ అక్క గారెలు పట్టుకొచ్చింది. ఒరేయ్, తాళంచెవి ఇచ్చేసి చెక్ అవుట్ చేసేయ్. ఆదివారం సాయంత్రం వెళ్దురుగాని."

మా పాప టోస్టు నములుతూ నన్ను చూసింది. "డాడ్, ఆర్ వి బీయింగ్ కిడ్న్యాప్డ్?"

మా ఆవిడ నాకేసి ఒక్కసారే చూసింది. తర్వాత లేచి నిలబడి, "రండి అన్నయ్యగారూ. అక్కా, బాగున్నారా?" అని నవ్వింది. అది నిన్నటి నవ్వు కాదు, ఇళ్లకి వెళ్లినప్పుడు గుమ్మంలో నవ్వేది. నవ్వుతూనే, తనకి తెలియకుండానే, కుడిచేత్తో ఎడమచేతి గాజులు మోచేతి దాకా పైకి తోసుకుంది.

ఆ గాజులు చూశాక కూర్చోలేకపోయాను.

"అన్నయ్యా, మేం రావట్లేదు."

"ఏం?"

"వస్తామని నిన్న అబద్ధం చెప్పాను. ఈ రెండ్రోజులూ ఏ వంటింట్లోకీ వెళ్లక్కర్లేదని తనకి మాటిచ్చి తీసుకొచ్చాను. మీకు చెప్పకూడదనే వచ్చాను. మళ్లీ గొప్ప కోసం ఫొటో పెట్టింది నేనే. తనకి ఇదేం తెలీదు. తప్పంతా నాది."

అన్నయ్య ముఖం ఎర్రబడింది. "అంటే, మా ఇంటికొస్తే నీ పెళ్లాం చేత వంట చేయిస్తామనా నీ ఉద్దేశం? ఏనాడన్నా ఒక్క పని చెప్పామా?"

వదిన హాట్‌ప్యాక్ బల్ల మీద పెట్టింది.

"చెప్పలేదండీ. చెప్పకుండానే చేసింది. నేనొక్కదాన్నే చేస్తుంటే చూస్తూ కూర్చోలేక. ఇవాళ నేనెన్నింటికి లేచానో తెలుసా మీకు?"

"ఎన్నింటికి?"

"చూశారా" అంది వదిన మా ఆవిడతో. ఇద్దరూ నవ్వారు. అన్నయ్య నాకేసి చూశాడు, సాయం చేయమన్నట్టు. నేను గారెల కేసి చూశాను.

"అమ్మాయ్, ఫొటోలో టబ్బు గది మధ్యలో ఉన్నట్టుందే. నిజమేనా?" అని అడిగింది వదిన.

"రండక్కా, చూద్దురుగాని."

ముగ్గురూ హాట్‌ప్యాక్‌తో సహా పైకి వెళ్లారు. మేమిద్దరం కింద కూర్చుని, పళ్లెమంత గిన్నెల్లో ఇచ్చిన కాఫీ తాగాం. అన్నయ్య ఇటుకల గోడ చూసి, "ప్లాస్టరింగ్ చేయించుకోలేదేం పాపం" అన్నాడు. రాజీ కుదిరిందని నాకు అర్థమైంది.

అరగంట పోయాక మా పాప దిగివచ్చింది. పెదాలకి గారె నూనె.

"ఆంటీ ఈజ్ ఇన్ ద బాత్. మమ్ సేస్ యూ టూ కెన్ గో."

"ఎక్కడికి?" అన్నాడు అన్నయ్య.

"హోమ్, అంకుల్. యువర్ హోమ్. వి ఆర్ స్టేయింగ్."

వేరే గది ఉందేమోనని అడిగితే పన్నెండు పిట్టలూ నిండిపోయాయంది నీలం జుట్టు అమ్మాయి. కొంగ గది మంచం ముగ్గురికి చాలుతుందని పైనుంచి కబురొచ్చింది. నేను ఏరికోరి తీసుకున్న హోటల్లో నా మకాం అలా ఒక్క రాత్రితో ముగిసింది.

అన్నయ్యా వాళ్లబ్బాయి యూనివర్సిటీకి వెళ్లిపోయాక ఇల్లు నిశ్శబ్దంగా ఉంటోంది. అక్కడికి నేను పదిసార్లు వెళ్లి ఉంటాను గానీ వంటింట్లోకి వెళ్లడం అదే మొదలు. మా కోసం పొద్దున్నే వండిన వంట అంతా పొయ్యి మీదే ఉంది. సింకు నిండా గిన్నెలు, గ్రైండరు కడగాల్సి ఉంది. ప్లేట్ల కోసం అల్మారా తెరిస్తే, తలుపు లోపలివైపు అతికించిన కాగితం కనిపించింది. వదిన చేతిరాత. వచ్చిపోయే ఇళ్లవాళ్ల పట్టీ. మాది ఐదో వరస: "స్విండన్ వాళ్లు. ఆయనకి కాకర పడదు. పాపకి కారం తక్కువ. ఆ అమ్మాయికి ఏదైనా పరవాలేదు."

ఆ చివరి మాట రెండుసార్లు చదివాను. మా ఆవిడకి వంకాయ పడదు. ఏ ఇంట్లోనూ ఆ మాట ఆవిడ చెప్పి ఉండదు. పక్కనే ఉండి నేనూ చెప్పలేదు. అక్కడున్న పెన్నుతో "వంకాయ పడదు" అని దిద్దాను.

అన్నయ్య ఆ కాగితం పైనుంచి కింది దాకా చదివాడు. "ఇంతమంది వచ్చార్రా మా ఇంటికి?" అన్నాడు చివరికి. తర్వాత, "నువ్వు కడుగు, నేను తుడుస్తా" అన్నాడు.

మధ్యాహ్నం వదిన వండిపెట్టినవి తినేశాం. సాయంత్రం పౌరుషం కొద్దీ మేమే పప్పుచారు పెట్టాలనుకున్నాం. ఇంగువ డబ్బా ఎక్కడా కనబడక హోటల్‌కి ఫోన్ చేస్తే మా పాప తీసింది. వెనకాల పెద్ద నవ్వులు.

"ఆంటీ సేస్, లుక్ విత్ యువర్ ఐస్."

ఇంగువ లేకుండానే కానిచ్చాం. అన్నయ్య రెండోసారి వడ్డించుకుని, బాగానే ఉందని నాకు ధైర్యం చెప్పాడు. నేను సోఫాబెడ్ తెరిచి, నా దుప్పటి నేనే వేసుకున్నాను.

ఆదివారం పొద్దున తీసుకురావడానికి వెళ్లాం. ముగ్గురూ ఆ చెక్కబల్ల దగ్గరే టిఫిన్ చేస్తున్నారు. వదిన మెడలో మా ఆవిడ ఆకుపచ్చ పూసల గొలుసుంది. నిన్న నది దాకా నడిచారట, వంతెన చూశారట. ఈ వీధుల మీదుగా పదేళ్లుగా కారులో పోవడమే గానీ ఎన్నడూ దిగి నడవలేదని వదిన చెప్పింది.

"ఎలా ఉంది మీ వంట?" అని అడిగింది అన్నయ్యని.

"నువ్వు రావే, చెప్తా."

నేను మా ఆవిడ పక్కన నిలబడి, "ఇంకెప్పుడూ..." అని మొదలుపెట్టాను.

"ఇక్కడ మాటివ్వకండి. కారులో ఇద్దురుగాని" అంది.

బయల్దేరదామని అందరం లేచాం. ఆవిడ ముందు ఖాళీ పళ్లెం, పక్కన సగం తాగిన కాఫీ. ఆవిడ చెయ్యి ఒక్క క్షణం పళ్లెం అంచు దాకా వెళ్లింది. అక్కడినుంచి వెనక్కి వచ్చి, కుర్చీకి తగిలించిన బ్యాగు అందుకుంది. గాజులు మణికట్టు దగ్గరే గలగలలాడాయి. పళ్లెం అలాగే వదిలేసి, వదిన చెయ్యి పట్టుకుని ఎండలోకి నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు.