మిరప కల్లానికి వీపు పెట్టి

సత్తెనపల్లి దాటి బస్సు మా ఊరి రోడ్డుకు తిరగగానే ఎండుమిరప ఘాటు గొంతులో పట్టుకుంది. బస్సులో సగం మంది దగ్గారు. నేను కోటేశ్వరరావు మాస్టారి పెద్దకర్మకు వెళ్తున్నాను. ఆయన మంచితనమేదో గుర్తు రావలసిన సమయం. ఆ దగ్గుతో నాకు గుర్తొచ్చింది మాత్రం ఆయన నన్నెంత విసిగించారన్నదే.

ఆయన మా హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, ఎక్కడో శిక్షణకు వెళ్ళి లక్రాస్ అనే ఆట నేర్చుకుని వచ్చారు. పొడుగు కర్ర, దాని చివర చిన్న వల. గట్టి రబ్బరు బంతిని ఆ వలతోనే పట్టాలి, వలతోనే విసరాలి. తెచ్చినవి రెండు కర్రలు. మిగతా పదీ ఆయనే వెదురు వంచి, చేపల వల ముక్కలు కట్టి తయారుచేశారు. మేమేమో క్రికెట్ పిల్లలం. చేతిలో కర్ర ఉండి బంతి ఎదురొస్తే కొట్టడం తప్ప మరొకటి తోచదు. మొదటి రోజు నేను కొట్టిన బంతి ప్రహరీ దాటింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఒరేయ్, పట్టుకోరా అంటే బాదుతావేంట్రా?" అన్నారు మాస్టారు. "పై చెయ్యి వదులుగా పెట్టు. బంతి వలలో పడగానే కర్రను చెవి పక్కగా వెనక్కి పోనియ్. మళ్ళీ."

ఆ "మళ్ళీ" రోజుకు ఎన్నిసార్లు అనేవారో. మిగతావాళ్ళకు నెల తిరిగేసరికి పట్టడం వచ్చేసింది. నాకు రాలేదు. బంతి దగ్గరికి రాగానే చెయ్యి బిగుసుకునేది. బంతి వల అంచుకు తగిలి ఎగిరిపోయేది. నాలుగు నెలలు ఇదే వరస. నన్ను మానిపించి ఉంటే ఇద్దరికీ సుఖంగా ఉండేది.

ఫిబ్రవరిలో హనుమయ్య అనే రైతు ఎప్పటిలాగే మా మైదానంలో సగం మేర మిరపకాయలు ఆరబోశాడు. మాస్టారు మమ్మల్ని సరిగ్గా ఆ కల్లానికి వీపు పెట్టి నిలబెట్టారు. వదిలేస్తే బంతి కాయల్లో పడుతుంది. వదిలినవాడే కాయ తొక్కకుండా వెళ్ళి తేవాలి. ఆ వారమంతా కళ్ళు మండుతూ, ముక్కు కారుతూ తిరిగింది నేనే.

"మా కాయలు తొక్కించడానికా మాస్టారూ మీకు జీతం? ఇంకొక్క బంతి పడిందా, ఆ కర్రలన్నీ పొయ్యిలో పెడతా," అని హనుమయ్య కేకలేశాడు. హెడ్మాస్టరుకు అదే చాలింది. మరొక్క ఫిర్యాదు వస్తే ఆట ఆపేసి, ఆ గంటను లెక్కల క్లాసుకు ఇస్తానన్నారు.

మర్నాడు మాస్టారు మమ్మల్ని కల్లం దగ్గర్నుంచి మార్చి, గోడకు వీపు పెట్టి నిలబెడతారనుకున్నాను. నిలబెట్టలేదు సరికదా, మొదట నన్నే పిలిచారు. హనుమయ్య కాయలు తిరగేస్తూ నా వెనకాలే ఉన్నాడు.

"నన్నొద్దండి. గోడ వైపు నిలబడతానండి," అన్నాను. ఏడుపొస్తోంది.

"గోడ దగ్గర వదిలినా నీకేం కాదు. అందుకే వదులుతున్నావు. నిలబడు."

"ఆట పోద్దండి!"

"పోతే నావల్ల పోద్ది. నీకెందుకు?"

విసిరారు. ఏం చేశానో నాకు తెలియదు. కర్ర వెనక్కి పోయింది, బంతి వలలోనే ఉంది. ఆయన మెచ్చుకోలేదు. "మళ్ళీ" అన్నారు. ఇరవై బంతులు విసిరారు. ఒక్కటీ కింద పడలేదు. చివరికి హనుమయ్యే, "ఇక చాల్లెండి మాస్టారూ, పిల్లోణ్ణి చంపుతారా ఏంటి?" అన్నాడు.

ఆట ఎంతో కాలం నిలవలేదు. మరుసటి ఏడాది ఆయనకు వేరే బడికి బదిలీ అయింది, ఇల్లు మాత్రం మా ఊళ్ళోనే ఉండిపోయింది. ఆ కర్రలు మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు.

పెద్దకర్మ భోజనాలయ్యాక ఆయన భార్యకు నా పేరు చెప్పి, మాస్టారి దగ్గర లక్రాస్ ఆడానన్నాను. ఆవిడ నన్ను పరకాయించి చూసి, "ఒకడికి బంతి పట్టడం నేర్పలేక చస్తున్నానని రోజూ ఇంటికొచ్చి తల పట్టుక్కూర్చునేవారు. ఆ పిల్లాడు మీరేనా?" అంది.

"నేనేనండి."

ఆవిడ నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇప్పుడు ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పడం నా వంతు. చెప్పిందే చెప్పాలంటే విసుగొస్తుంది. ఓపిక ఆయనకూ లేదు, నాకూ రాలేదు. విసుగొచ్చాక కూడా ఇంకోసారి చెబుతాను, అంతే.