పనసచెక్క గిటారు

అరవైల చివర్లో పలాసలో రేడియోలు బాగుచేసి బతికేవాణ్ణి. ఇంట్లో నేనూ నాన్నా, అంతే. అమ్మ పోయాక నాన్న చెవులు కూడా నెమ్మదిగా పోతూ వచ్చాయి. ఒకప్పుడు బాప్టిస్టు గుడిలో కీర్తన ఎత్తుకునేది ఆయనే. ఇప్పుడు చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తేగాని అన్నానికి లేవడు. పగలంతా ఊరివాళ్ల రేడియోలు మోగించి, సాయంత్రం మాట్లాడే దిక్కులేక గోడలు చూసేవాణ్ణి. పెళ్లి చేసుకోమనేవాళ్లు. ఆ సలహాకి మాత్రం కరువు లేదు.

నాకు కాస్త గిటారు వాయించడం వచ్చు, కానీ మామూలు గిటారు ఆయనకి వినపడదు. కరెంటు గిటారు చేసి రేడియో స్పీకరుకి కలిపితే, ఉన్న కాస్త వినికిడీ పోయేలోపు ఆయన కీర్తన ఒక్కటైనా వినిపించొచ్చనుకున్నాను. మొదట అంతా డొల్లగా చేశాను. దాన్ని స్పీకరు ముందుకి తేగానే గీమని కూత పెట్టింది. నిండు చెక్కతో చేస్తే భుజం పీకేసేలా ఉంది. అందుకని నడుమ గట్టి పనస దిమ్మె వదిలి, అటూ ఇటూ తొలిచి, పైన పల్చటి పలక అతికించాను. మోత పట్టి స్పీకరుకి పంపడానికి అయస్కాంతం చుట్టూ సన్నటి రాగి తీగ చుట్టాను. తెగినప్పుడల్లా తిట్టుకుంటూ మళ్లీ చుట్టాను. పైన కట్టే తీగలు బరంపురం నుంచి తెచ్చాను.

ఇక తీగలు బిగించడమే తరువాయి అనగా, ఒక ఉదయం కరెంటు లేక మసకచీకట్లోనే దాన్ని ఒళ్లో పెట్టుకుని గరుకు కాగితంతో రుద్దాను. మర్నాటికి చేతులూ మెడా ఛాతీ బొబ్బలెక్కాయి. జీవితమంతా జీడి బట్టీలో పనిచేసిన నాన్న, నాకు చెప్పకుండా అంతకుముందు రాత్రే దానికి జీడిపిక్కల నూనె పట్టించాడు, తగిలితే ఒళ్లు కాల్చేసే నూనె. మా ఉద్దానం ప్రాంతంలో పడవలకీ ద్వారబంధాలకీ పూసేది అదే. ఆయన చేతులు ఆ నూనెకి ఎప్పుడో మొద్దుబారాయి, నా ఒంటి సంగతి తట్టలేదు. ఊరంతా జీడి కమురు వాసనే కాబట్టి నా ముక్కూ పసిగట్టలేదు.

నోటికొచ్చినట్టు తిట్టాను. మెచ్చుకుంటున్నాననుకుని తలూపాడు.

“సెదలు పట్టేత్తాయని రాసినాన్రా. ఇంక నీకు దిగుల్లేదు.”

ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

పుళ్లు మానేసరికి, చేతులకి గుడ్డలు చుట్టుకుని నూనె ఇంకిన పొరంతా గీకేసరికి, వానలు వెళ్లిపోయాయి. ఈలోగా నేనెంత అరిచినా నాన్న నా పెదాల వంకే చూడడం మొదలుపెట్టాడు. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఇంకా ఎంత వినపడుతోందో తెలుసుకోవాలని లేదు నాకు.

తీగలు బిగించి, ఒక ఆదివారం గుడి నుంచి వచ్చాక ఆయన్ని స్పీకరు పక్కన కూర్చోబెట్టి, రేడియో సౌండు మీట చివరంటా తిప్పి, కీర్తన ఎత్తుకున్నాను. కిటికీ దగ్గర ఇరుగుపొరుగు మూగారు. గూట్లో గ్లాసులు అదిరాయి. తెల్లచొక్కాలో నాన్న, చేతులు ఒళ్లో పెట్టుకుని, నా వేళ్లనే ఓపిగ్గా చూస్తున్నాడు. రెండో చరణంలో ఉండగా ముందుకి వంగాడు.

“ఎంతసేపురా తీగలు సరిసేసుకుంటావు? ఇంక మొదలెట్టు.”

అంత ఒంటరితనం మళ్లీ ఎప్పుడూ ఎరగను. తలూపి, పల్లవి దగ్గర్నుంచి మళ్లీ ఎత్తుకున్నాను.