మా బావ అసలు వయసు

మొన్న ఆదివారం పొద్దున ఆదిలాబాద్ నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారట, నాకు ముఖపరిచయం కూడా లేదు. అక్కడ ఓ పదిమంది పెద్దవాళ్లు కలిసి సర్కారు బడి పిల్లలకు సాయంత్రం పూట లెక్కలూ చదువూ చెబుతున్నారట. ఇలా వయసు మళ్లినవాళ్లు చేసే సేవకు నిధులిచ్చే ట్రస్టు ఒకటి కరీంనగర్‌లో ఉందని, దాని దరఖాస్తు నింపడంలో నేను ఆరితేరినదాన్నని ఎవరో ఆయన చెవిన వేశారు. "టీచరమ్మా, ఫారం పద్నాలుగు పేజీలున్నది. ఏడికెళ్లి మొదలువెట్టాలె?" అని అడిగారు. వయసు గడితో మొదలుపెట్టండి, అది తేలితే మిగతాదంతా తేలికే అన్నాను. ఆయన అది హాస్యం అనుకుని హాయిగా నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఫోన్ పెట్టేశాక చాయ్ చల్లారిపోయేదాకా అలాగే కూర్చున్నాను. రెండేళ్ల కిందట ఆ గడి దగ్గరే నేను మా బావతో పోట్లాడాను.

మా బావ అంటే మా ఆయనకు అన్న. గోదావరి ఒడ్డున బొగ్గు బాయిలో, అంటే గనిలో, నలభై ఏళ్లు పనిచేసి సర్దారుగా రిటైరయ్యాడు. బాయిలో సర్దారంటే తన షిఫ్టులో తన మనుషులు పనిచేసే చోట పైకప్పు గట్టిగా ఉందా, గాలి సరిగా ఆడుతోందా అని చూసుకునే మనిషి. కర్రతో కప్పును తట్టి, ఆ చప్పుడును బట్టి లోపల బండ ఎలా ఉందో చెప్పాలి. పైకి వచ్చాక చూసింది చూసినట్టు పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. తర్వాతి షిఫ్టు సర్దారు ఆ రాత చదివాకే తన మనుషుల్ని లోపలికి పంపుతాడు. ఆ అలవాటు బావకు ఎముకల్లోకి ఇంకిపోయింది. ఇంటికి కిరాణా చీటీ రాసినా పైనుంచి కిందికి ఒకసారి గట్టిగా చదివించుకుని గానీ జేబులో పెట్టుకోడు. "సదివి ఇనిపియ్యి" అన్నది ఆయన ఊతపదం. నేను కొత్తకోడలిగా వచ్చినప్పుడు బావ ఎదుట కూర్చునే ఆచారం లేదు, ఏం అడిగినా తలుపు చాటు నుంచే జవాబు. బడిలో తరగతినంతా గడగడలాడించి ఇంటికొచ్చి తలుపు వెనక దాక్కునేదాన్ని. అలాంటి మేమిద్దరం ముసలితనంలో ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుంటామని ఎవరైనా చెబితే ఆ రోజుల్లో మా అత్త చీపురు తీసుకునేది.

ఆ బల్ల మా ఊరి సర్కారు దవాఖానలో, చీటీలిచ్చే కిటికీకి ఎదురుగా ఉంటుంది. మా యారాలు, అంటే బావ భార్య, జబ్బు పడ్డప్పుడు ఆయన ఆమెను వెంటబెట్టుకుని ఆ దవాఖానలోనే తిరిగాడు. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. భూమి లోపల చీకట్లో ఏ దారి ఎటు పోతుందో కళ్లు మూసుకుని చెప్పగల మనిషి, రక్తపరీక్ష ఎక్కడ చేస్తారో తెలియక అక్కను గోడకు ఆనించి అందరి మొహాలూ చూస్తూ నిలబడ్డాడు. అక్క పోయింది. మరుసటి ఏడాది ఆయన రిటైరయ్యాడు. ఇంట్లో పొద్దుపోక ఒకరోజు వెళ్లి ఆ బల్ల మీద కూర్చున్నాడు. ఎవరో ముసలామె ఎక్స్‌రే ఎక్కడని అడిగితే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు. మర్నాడు మళ్లీ వెళ్లాడు. అంతే, దానికి ప్రారంభోత్సవమూ లేదు, బ్యానరూ లేదు. ఒక్కొక్కరే చేరి పన్నెండు మందిమయ్యాం. నేను బడి నుంచి రిటైరై చేరాను. బాయి ఫిట్టరు భార్య ఒకావిడ, పిన్ని అన్నట్టు అందరం ఖాలా అంటాం, ఆడవాళ్ల వార్డు చూసుకునేది. గోదావరి అవతల సిరోంచ వైపు నుంచి మరాఠీ తప్ప మరో మాట రానివాళ్లు వస్తే బావ పిలుపు అందుకునేవాడు. బాయిలో నేర్చుకున్న మరాఠీ ఆయనది, అందులో సగం తిట్లే. ఆ సగాన్ని పక్కనబెట్టి మాట్లాడటానికి ఆయన పడే అవస్థ చూస్తే రోగులకు రోగం కొంత తగ్గేది.

రాను రాను మావాళ్లకు కాళ్లు సహకరించడం తగ్గింది. కాలనీ నుంచి దవాఖానకు రెండు ఆటోలు మారాలి. మధ్యాహ్నం దాకా ఉండేవాళ్లకు షుగర్ మాత్రలు వేసుకోవడానికి గుప్పెడు తిండైనా కావాలి. అప్పుడే ఆ ట్రస్టు సంగతి తెలిసింది. బండి పెడతారు, పూటకు భోజనం పెడతారు, సేవ చేసేవాళ్ల పేరున ప్రమాద బీమా కడతారు. అయితే మాకు పూచీగా ఒక రిజిస్టరైన సంఘం నిలబడాలి. రిటైరైన కార్మికుల సంఘంవాళ్లు వారం రోజులు మీటింగులు పెట్టి, చివరికి మా వల్ల వాళ్లకే పేరొస్తుందని తేలాక ఒప్పుకున్నారు. ఫారం నింపే పని నా నెత్తిన పడింది. మీ లక్ష్యమేమిటి, మీ సేవకు హద్దులేమిటి అని పేజీలకు పేజీలు. మీ సేవ వల్ల వచ్చిన మార్పును ఎలా కొలుస్తారు అని ఒక ప్రశ్న. బావను అడిగితే, "కొలుసుడేంది? వచ్చినప్పుడు మొఖం సూస్తం, పోయేటప్పుడు మొఖం సూస్తం" అన్నాడు. నేను అదే రాశాను, కొంచెం గంధం పూసి.

ఇక ఆ వయసు గడి. బయటివాళ్లకు వింతగా ఉంటుంది గానీ మా బాయిల ఊర్లో మగవాళ్లకు రెండు వయసులుంటాయి. ఒకటి కాగితం వయసు, ఇంకోటి అసలు వయసు. ఆ రోజుల్లో పుట్టిన తేదీ ఎవరి దగ్గరుంది గనుక? మనిషి వాలకం చూసి, అడిగి రాసుకునేవారు. తక్కువ చెప్పుకుంటే అన్నేళ్లు ఎక్కువ నౌకరీ. బావ బక్కపలచని మనిషి. ఇరవై ఆరేళ్లవాడు ఇరవై అని చెప్పి చేరిపోయాడు. పెళ్లిచూపుల్లో అసలు వయసు, పింఛన్ కాగితాల్లో కాగితం వయసు, ఎక్కడ ఏది చెప్పాలో అందరికీ తెలుసు, దాన్ని అబద్ధమని ఎవరూ అనుకోరు. పేరుకు ముందు ఇంటిపేరు ఉన్నట్టే అదీ ఒకటి. నేనూ అనుకోలేదు. బావ పేరు ఎదుట డెబ్బై రెండు అని వేశాను, కింద సంతకానికి గుర్తు పెట్టి ఆయన ముందుంచాను.

"సదివి ఇనిపియ్యి" అన్నాడు.

చదివాను. పద్నాలుగు పేజీలూ చదువుతుంటే కళ్లు మూసుకుని విన్నాడు. పేర్ల పట్టీ దగ్గరికి రాగానే కళ్లు తెరిచాడు. "డెబ్బై రెండా?"

"ఆధార్‌ల గంతనే ఉన్నది గదా బావా."

"నాకు డెబ్బై ఎనిమిది. గది రాయి."

కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాను. అసలు చిక్కేమిటంటే ఆ ట్రస్టు నియమాల్లో అరవై నుంచి డెబ్బై అయిదు దాకానే సేవకుల పట్టీలో ఉండాలని ఉంది. ఆ పైవాళ్లకు బీమా దొరకదట. డెబ్బై ఎనిమిది అని రాస్తే ఆ బల్లను మొదలుపెట్టిన మనిషే పట్టీలో ఉండడు. అదే చెప్పాను. "పింఛనుకు పనికొచ్చిన వయసు దీనికి పనికిరాదా? ఊరంతా గట్లనే నడుస్తున్నది. నీకొక్కనికే ఎందుకు పరేషాన్? నువ్వే లేకుంటే గా బల్ల ఎవరిది?" అని కొంచెం గట్టిగానే అన్నాను. తలుపు చాటు కోడలి రోజులు ఎప్పుడో పోయాయి.

బావ నా వైపు చూడకుండా చెప్పుకొచ్చాడు. "నాకు అసలు అరవై నిండిన నాడు మీ అక్క పాశెం వండింది. ఇగ చాలు, రాజీనామా రాయి, మంథని కాడ మా అవ్వోల్ల ఊర్ల రెండు అర్రలేసుకొని ఉందాం అన్నది. కాగితం మీద ఇంకా ఆరేండ్లున్నయ్, వట్టిగ ఇడిసిపెడ్తరా అన్న. ఆమె మారు మాట్లాడలే. మళ్ల ఎన్నడు అడుగలే. అయిదో ఏడు ఆమె పోయింది." ఫారాన్ని నా వైపు తోశాడు. "బాయి పుస్తకంల నేనెన్నడు తప్పు రాయలే టీచరమ్మా. తప్పు రాసింది ఒక్క నా వయసే. గా తప్పుకే ఆమె అయిదేండ్లు పోయినయ్. ఇంకోసారి దాని కింద సంతకం పెట్టుమంటవా?"

అక్క ఆ మాట ఆయనను అడిగిందని నాకు అప్పటిదాకా తెలియదు. ఒకే వాకిట్లో ఇన్నేళ్లు కాపురం చేశాం, వడియాలు పెట్టుకున్నాం, కందిపప్పు చెరిగాం, నాతో ఒక్కనాడూ అనలేదు. నైట్ షిఫ్టు వారాల్లో బావ పగలు పడుకుంటే ఇంట్లో గిన్నె చప్పుడు కాకుండా తిరిగేది ఆమె. పచ్చడి నూరాలంటే రోలు కోసం మా వంటింట్లోకి వచ్చేది. నాకు ఏడుపు ఆగలేదు. బావ లేచి బయటికి పోయి నిలబడ్డాడు, ఆడవాళ్లు ఏడుస్తుంటే ఆయనకు ఏం చేయాలో ఇప్పటికీ తెలియదు.

అయినా నా బుద్ధి పోనిచ్చుకోలేదు. కాగితం వయసు కొట్టెయ్యకుండా, దాని కింద బ్రాకెట్‌లో అసలు వయసు వేసి, అసలుది కూడా ఉంది కదా అని ఆయన్ను ఒప్పించి, సంతకం చేయించి పంపేశాను. రెండూ నిజమే కదా, ఏది కావాలో వాళ్లే తీసుకుంటారని నా లెక్క. ఇది తెలిసి ఖాలా నెత్తి కొట్టుకుంది. "అరె, ఆధార్‌ల నేను జనవరి ఒకటిన పుట్టిన. అసలెప్పుడు పుట్టిన్నో అల్లాకు ఎర్క. నేనేమన్న అడిగిన్నా? భయ్యాకే ఎందుకు గీ ఫికర్?" అంది. ఆమె అన్నదే మిగతావాళ్ల మాట కూడా, దీనివల్ల ఫారమే తిరిగొస్తుందేమోనని అందరికీ భయం. పదిహేను రోజులు బావ బల్ల మీద ఒంటరిగా కూర్చున్నాడు, మనిషిని ఎవరూ ఏమీ అనలేదు గానీ చాయ్ మాత్రం ఆయనకు ఆఖరున వచ్చేది.

ట్రస్టు నుంచి విచారణకు ఒక అమ్మాయి వచ్చింది. నిర్మల్ పిల్ల, మాట మెత్తన. ఒక పూటంతా మాతోనే కూర్చుంది. బావ ఒక ముసలాయనకు మాత్రల పొట్లం మీద పొద్దుటికి ఒక గీత, రాత్రికి రెండు గీతలు పెట్టి చూపించడం గమనించింది. ఆ తర్వాత ఫారం తెరిచి, ఆ గడి మీద వేలు పెట్టి, మెల్లగా అంది. "తాతా, మాకు ఆధార్‌ల ఉన్నదే లెక్క. కింద రాసింది నేను సూడలేదనుకుంట. మీరు ఊకోండ్రి చాలు."

పక్కనున్న ఖాలా బావ మోచేతి మీద గిల్లింది.

"సూడకుంటె ఎట్ల బిడ్డా" అన్నాడు బావ. "సూసినంకనే గదా సంతకం పెట్టాలె. పైది కొట్టెయ్యి. నేను లేకున్నా వీళ్లు మంచిగ చేస్తరు."

ఆ పిల్ల కాసేపు ఆయన మొహం చూసి, కలం తీసి, పైన ఉన్న అంకెను కొట్టేసింది. ఆయన చేతే పక్కన పొట్టి సంతకం పెట్టించుకుంది. నాకు ఆ క్షణంలో కోపం వచ్చింది, అబద్ధమెందుకు? ఇంత చాదస్తం ఉన్న మనిషి ఇంటికి ఎందుకొచ్చానా అనుకున్నాను. ఆ కోపంలోనే ఆయన పక్కన కూర్చున్నందుకు గర్వంగానూ అనిపించింది.

నెల తిరక్కుండానే నిధులు మంజూరయ్యాయి, పదకొండు మందికి. బండి వచ్చింది, నీలం కోట్లు వచ్చాయి, మధ్యాహ్నం అన్నం డబ్బాలు వచ్చాయి. మొదటి రోజు బండి కాలనీ మలుపు తిరుగుతుంటే బావ గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపాడు. ఆ రోజు నా డబ్బాలో అన్నం సగం అలాగే తిరిగొచ్చింది. మూడో రోజుకే ఆయన ఆటోలు మారి దవాఖానకు వచ్చి, మా బల్ల మీద కాకుండా రోగుల బల్ల మీద కూర్చున్నాడు. "నేను సేవకు రాలే, ఊకె కూసున్న" అన్నాడు. నీలం కోటు వేసుకున్న పదకొండు మందిమి ఎదురుగా ఉన్నా, పల్లెల నుంచి వచ్చినవాళ్లు కోటు లేని ముసలాయన దగ్గరికే పోయి దారి అడుగుతారు. ఖాలా తన డబ్బాలో సగం ఆయనకు పెడుతుంది, గొణుక్కుంటూనే. రోజూ రాడు. వారంలో సగం రోజులు మంథని కాడ అక్క పుట్టింటి ఊర్లో ఉంటున్నాడు. అక్కడ అక్క అడిగిన ఆ రెండు అర్రలు, అంటే గదులు, ఈ ఏడు ఎండాకాలంలో లేచాయి. గృహప్రవేశం నాడు వచ్చిన చుట్టం ఒకడు, ఈ వయసులో ఇల్లెందుకు అని నవ్వుతూ అడిగితే, "ఎనబై నిండినయ్, అసలు ఎనబై" అన్నాడు బావ, అదేదో ఇనాం వచ్చినట్టు. తర్వాత వాకిట్లో రెండు కుర్చీలు వేసి, ఒకదాంట్లో తాను కూర్చుని, రెండో దాంట్లో ఎవరినీ కూర్చోనివ్వలేదు. నేను గడపలో నిలబడి చాలాసేపు చూశాను. కాలం ఎవరి కాగితాలూ చూడదు, దాని షిఫ్టు అది చేసుకుని పోతుంది. ఆ సంగతి అక్కకు ముందే తెలుసు, మా బావకు తెలియడానికి ఆరేళ్లు ఎక్కువ పట్టింది.