రాడార్ బొమ్మ అంచున మా ఊరు

బాపు పోయేముందు కోరింది ఒక్కటే. దవాఖాన మంచం మీద నా చెయ్యి పట్టుకుని, "ముప్పై ఏండ్లు నీళ్లల్ల నిలవడ్డ, బిడ్డా. నన్ను జర పొడి జాగల పెట్టుండ్రి," అన్నాడు. ఆయన బొగ్గుబాయిలో పంపు ఖలాసి. భూమి కింద ఊరే నీటిని రోజూ పైకి తోడించే పని. షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి పాదాలు నాని, తెల్లగా ముడతలు పడి ఉండేవి. అమ్మ ఆయన్ని గడప దగ్గరే కూర్చోబెట్టి, కొంగుతో వేళ్ల సందులు తుడిచి, కొబ్బరినూనె రాసేది. ఆ తర్వాతే అన్నం.

ఆ కోరిక తీర్చడం ఎంత పని అనుకున్నాను. కానీ ఆయన పోయింది ముసురు పట్టిన వారంలో. తెలంగాణ రావడానికి ముందటి వానాకాలం అది. సెంటినరీ కాలనీలో మా క్వార్టరు ముందుగదిలో, ఐసుపెట్టెలో బాపు. కరెంటు పోతూ వస్తూ ఉంది. మా చర్చి సమాధుల తోటలో ఎక్కడ గడ్డపార వేసినా నీళ్లే. మూడో పొద్దున పెట్టె దగ్గర వాసన మొదలైంది. అమ్మ సెంటు సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది.

నేను పనిచేసే బడిలో లెక్కలసారుది సముద్రం ఒడ్డున ఊరు. వాళ్ల దగ్గర పడవలు కదిలేముందు నెట్‌లో వాన రాడార్ చూసుకుంటారని చెప్పి నాకూ నేర్పాడు. హైదరాబాదును నడుమ పెట్టి గీసిన పెద్ద వృత్తం. ఎరుపుంటే కుండపోత, నీలముంటే జల్లు, ఏ రంగూ లేకపోతే వాన లేనట్టు. మా ఊరు ఆ వృత్తం అంచున ఉంటుంది, ఇంకో వేలెడు జరిగితే బయటే. మూడు రోజులుగా లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఆ బొమ్మనే చూస్తున్నాను. పరామర్శకు వచ్చిన చుట్టాలు నాకు మతి చెడిందనుకున్నారు.

ఆ మధ్యాహ్నం బొమ్మలో నీలం తెగింది. మా మీదా, మాకు పడమరగా చాలా దూరం దాకా ఖాళీ. బయట చినుకు కూడా ఆగింది. "రెండు గంటలు వాన రాదు, లేపుండ్రి," అని అరిచాను.

అడ్డం చెప్పింది ఒక్కడే, చిన్నాన్న వరసతో నేను కాకా అని పిలిచే మనిషి. బాపుతో పాటు అదే పంపు మీద పనిచేసినవాడు, పొద్దటి నుంచి కాస్త మెరక చూసి గుంత తవ్వించి వచ్చాడు.

"జర ఆగు బిడ్డా. మబ్బు ఇంకా కిందనే ఉన్నది. గుంత చుట్టు కాలువ తీసి, మీద రేకులు కప్పుతం. ఒక్క గంట."

"గంట ఆగితే ఈ సందు కూడ పోతది కాకా. మబ్బు చూసి అందాజగ చెప్పే రోజులు పోయినయ్. నేను రాడార్ చూసి చెప్తున్న."

కాక శవపేటికకు భుజం పట్టాడు. చదువుకున్న పిల్లనని అందరూ నా మాటే విన్నారు.

సమాధుల తోట గేటు దాటకముందే వాన అందుకుంది. రాడార్ చూపు దూరం పోయేకొద్దీ పైపైకి పోతుందట, అంచున ఉన్న ఊళ్లలో కింది మబ్బు దానికి కనబడదట. ఆ సంగతి లెక్కలసారు తర్వాత చెప్పాడు. కాక ముందే చెప్పాడు.

అమ్మను గేటు దగ్గర గొడుగు కింద కూర్చోబెట్టి మేం గుంత చేరేసరికి చుట్టుపక్కల నీళ్లన్నీ అందులోకే దిగుతున్నాయి. కాక అందులోకి దూకాడు. బాయిలో చేసినట్టే, నీళ్లన్నీ ఒకచోటికి చేరేలా మూలన ఇంకా లోతుగా తవ్వి బకెట్లతో తోడాడు. పాత పంపు దోస్తులు నలుగురు అందుకుని పారబోశారు. తోడినకొద్దీ నీరు ఊరింది. ఒక్క అరగంట ఇవ్వమని దేవుణ్ణి బతిమాలాను, తర్వాత తిట్టాను. పాస్టరుగారు విననట్టే ఊరుకున్నారు. చివరికి ఆయనే, "ఇంక దించుదామమ్మా," అన్నారు.

దించారు. పెట్టె తేలింది.

కాక నడుము లోతు నీళ్లలో నిలబడి దాన్ని అదిమి పట్టుకున్నాడు. ఒక కొస మునిగితే ఇంకో కొస లేస్తోంది. "నా ఒక్కని బరువు సాల్తలేదు బిడ్డా," అన్నాడు, నా మొహం చూడకుండా. నేను చెప్పులు విడిచి దిగాను. బాపు ఛాతీ ఉండే చోట రెండు చేతులూ ఆనించి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఆయన్ని నీళ్లలోకి నొక్కాను. పైనుంచి మట్టి వేశారు. పెట్టె అడుగుకు ఆనాక మమ్మల్ని పైకి లాగారు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

గేటు దగ్గర అమ్మ లేచి నిలబడింది. "పొడిగ ఉండెనా?"

"పొడిగనే ఉండె అమ్మా. రేకులు కప్పిరి."

"పొడిగనే ఉండె వదినె," అన్నాడు కాక. అతని బట్టల నుంచి బురద కారుతోంది.

ఇంటికొచ్చాక అమ్మ నన్ను గడప దగ్గర కూర్చోమంది. తెల్లగా నానిపోయిన నా పాదాలను ఒళ్లోకి తీసుకుని, కొంగుతో వేళ్ల సందులు ఒక్కొక్కటే తుడిచి, కొబ్బరినూనె సీసా మూత తీసింది.