బావ అంబాసిడర్‌కి నేను వేయించిన ఎర్ర స్టీరింగు

ముందే చెప్పేస్తున్నాను, ఇది చదివేక నా మీద మీకున్న గౌరవం మిగలదు. నా పరువు చాటుగా పోలేదు. చావింటి గుమ్మం ముందు, ఊరు ఊరంతా చూస్తుండగా, హారన్ మోతతో సహా పోయింది. కాబట్టి నన్ను పెద్దమనిషిగానే గుర్తుంచుకోవాలనుకునేవాళ్ళు ఇక్కడే లేచి టీ తాగడానికి వెళ్ళిపోండి. మిగతావాళ్ళు కాస్త దగ్గరికి జరగండి. గట్టిగా చెప్పడానికి సిగ్గేస్తోంది.

అనకాపల్లిలో ఒక కాలేజీలో ఫిజిక్సు లెక్చరర్‌గా చేరిన కొత్తలో మా సత్యవతక్క ఇంట్లో ఉండేవాణ్ణి. బావది బెల్లం వ్యాపారం. తెల్లారేసరికి మార్కెట్లో ఉంటాడు. బెల్లం దిమ్మ చూసినంత శ్రద్ధగా మనుషుల్ని కూడా చూస్తాడు గానీ, మాట మాత్రం కొలిచి వాడతాడు. ఆయనకో తెల్ల అంబాసిడర్ ఉంది. వాళ్ళ నాన్నగారు కొన్నది. సీట్లు మారేయి, ఇంజనుకి రెండుసార్లు పని పడింది, రంగు ఎన్నిసార్లు వేశారో ఆయనకే తెలీదు. ఒక్క స్టీరింగు మాత్రం బండితోపాటు కంపెనీ నుంచి వచ్చిందే.

ఆ స్టీరింగు ఎలా ఉంటుందో చెప్పాలి. సన్నగా, మీగడ రంగులో, ఇంట్లో పెద్ద పళ్ళెమంత ఉంటుంది. మధ్యలో గుండ్రటి హారన్ బొత్తం. ఒకచోట చిన్న పగులు. ఆ పగులు మీద మా అక్క పెళ్ళయిన కొత్తలో ప్లాస్టిక్ వైరుతో ఒక అల్లిక అల్లింది. మీకు గుర్తుందో లేదో, ఒకప్పుడు ఇంటింటా ఆడవాళ్ళు వైరు బుట్టలు అల్లేవారు, ఆ వైరే. పచ్చ, తెలుపు. బావ బొటనవేలు ఎప్పుడూ ఆ అల్లిక మీదే ఉండేది.

ఇంతలో బావ కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. నల్ల కళ్ళద్దాలిచ్చి, కొన్నాళ్ళు బండి జోలికి పోవద్దన్నారు. రెండో కంటికి అంతకు ముందే మసక. కాబట్టి తాళాలు నా చేతికొచ్చేయి.

"రోజూ పొద్దున్న ఓసారి స్టార్టు సెయ్యి. అలా స్టేషన్ దాకా ఎల్లి వచ్చీ. అంతే" అన్నాడు బావ.

"సరే బావా."

"అంతే అన్నాను. ఇంకేటీ ముట్టుకోకు."

"నేనేమైనా చిన్నపిల్లాణ్ణా బావా!"

బావ నల్లద్దాలు ముక్కు మీదికి జార్చి నన్నోసారి చూసేడు. ఆ చూపులో ఎంత అనుభవముందో నాకు తర్వాత తెలిసింది.

స్టేషన్ దాకా వెళ్ళి వచ్చేస్తే ఈ కథే లేదు. నేను కాలేజీకి తీసుకెళ్ళేను. పాత కారులో దిగితే స్టాఫ్ రూమంతా కిటికీల దగ్గరికొస్తుందని ఆశ. వచ్చేరు కూడా. మా కెమిస్ట్రీ మాస్టారు రమేష్ తలుపు తీసి లోపలికి తొంగి చూసి అన్నాడు కదా:

"ఇది స్టీరింగా సారూ, ఎడ్లబండి చక్రం ఊడదీసి పెట్టేరా? ఈ పచ్చ వైరేటి, కూరల సంచీదా?"

అందరూ నవ్వేరు. నేనూ నవ్వేను. కూరల సంచీ అల్లిన చేతులు పొద్దున్నే నాకు ఉప్మా వడ్డించేయి. ఆ సంగతి నోట్లోంచి రాలేదు. అసలు సిగ్గుపడాల్సింది ఇక్కడే. తర్వాతవన్నీ దీనికి వడ్డీ.

ఆ సాయంత్రమే కారు సామాన్ల షాపుకి వెళ్ళేను. షాపువాడు ఎర్రతోలు కుట్టిన ఒక చిన్న స్టీరింగు తీసి, పెళ్ళిచీర పరిచినట్టు బల్లమీద పరిచేడు. సైజు పెసరట్టంత.

"రేసింగ్ మోడల్ సార్. మీ బండికి కుర్రతనం వచ్చేత్తది."

"మరీ చిన్నదేమో?"

"చిన్నదే స్టైలు సార్."

ఇక్కడ మీకొక మాట చెప్పాలి. నేను పిల్లలకి చెప్పే మొదటి పాఠాల్లో టార్క్ ఒకటి. చక్రం పెద్దదైతే తక్కువ బలంతో తిరుగుతుంది, చిన్నదైతే ఎక్కువ బలం కావాలి. బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాను. చెప్పేటప్పుడు చాలా బాగా చెబుతానని పేరు. ఆ పేరు కాలేజీ గేటు దగ్గరే వదిలేసి షాపుకెళ్ళినట్టున్నాను.

"పాతది మాకిచ్చీండి సార్, ఎక్స్ఛేంజి కింద. ఇంట్లో పెట్టుకుంటే అడ్డం" అన్నాడు.

"మా బావ..."

"బావగారు సూసి మురిసిపోతారు సార్."

మురిసిపోతాడనే అనుకున్నాను. మీగడ రంగు స్టీరింగుని, పచ్చ తెల్ల అల్లికతో సహా, ఆ బల్లమీద వదిలేసి వచ్చేను. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

షాపు దాటి మొదటి మలుపులోనే పాఠం మొదలైంది. చక్రం తిరగదు. రెండు చేతులతో పట్టుకుని, తడిసిన బొంత పిండినట్టు పిండితే బండి కొంచెం మొగ్గింది. ఎడమవైపు తిప్పేసరికి హారన్ దానంతటదే మోగింది. కుడికి తిప్పితే ఆగింది. మళ్ళీ ఎడమకి తిప్పితే మళ్ళీ మోత. షాపువాడికి ఫోన్ చేస్తే, "కొత్తది కదా సార్, నాలుగు రోజుల్లో సర్దుకుంటది" అన్నాడు, కొత్తకోడలి గురించి చెప్పినట్టు.

అది సర్దుకోకముందే కొండకర్ల నుంచి కబురొచ్చింది. బావకి ఏళ్ళ తరబడి బెల్లం వేసిన రైతు అప్పలనాయుడుగారు పోయేరు. బావకి ఆయనంటే ప్రాణం.

"కారు తియ్యరా. పలకరించి రావాలి" అన్నాడు బావ.

"బస్సులో వెళ్దాం బావా. కంటికి దుమ్ము..."

"కారులో దుమ్ము రాదు. బస్సులో వత్తాది. తియ్యి."

నేను పరిగెత్తి ఒక తువ్వాలు తెచ్చి స్టీరింగు చుట్టూ కప్పేను. వెనక సీట్లో కూర్చున్న అక్క, "అదేట్రా, దానికి జలుబు చేసిందా?" అంది.

"ఎండకి కాలుతోందక్కా."

బావ ముందు, నా పక్క సీట్లో కూర్చున్నాడు. నల్లద్దాల వెనక ఆయనకి ప్రపంచమంతా పొగమంచు. నేను దేవుణ్ణి ఒక్కటే కోరుకున్నాను, దారిలో అన్నీ కుడి మలుపులే ఉండాలని. దేవుడు రోడ్ల శాఖలో పనిచేయడు కాబట్టి మొదటిదే ఎడమ మలుపు.

పేఁ...

"ఎవుడికిరా ఆ హారన్?"

"మేకలు బావా."

ఇంకో మలుపు. పేఁ...

"ఇప్పుడేటి?"

"అవే మేకలు బావా."

"మనతోపాటే వత్తన్నాయేట్రా?"

వెనకనించి అక్క కిటికీలోంచి చూసి, "ఒక్క మేకా లేదురా!" అంది. నేను విననట్టు ముందుకి చూసేను. చెమట కళ్ళల్లోకి కారుతోంది.

"ఏటలా రొప్పుతున్నావు? నడుస్తన్నది కారా, నువ్వా?" అన్నాడు బావ.

నిజం చెప్పాలంటే ఇద్దరం సగం సగం నడుస్తున్నాం.

అప్పలనాయుడుగారి ఇల్లు సందు చివర. ఆ సందులోకి తిరగడం ఎడమకి. నా బలమంతా పెట్టి తిప్పేను. హారన్ మొదలైంది. ఈసారి ఆగలేదు. కుడికి తిప్పేను, ఆగలేదు. తిన్నగా పెట్టేను, ఆగలేదు. బొత్తం మీద గుద్దేను, ఇంకాస్త గట్టిగా మోగినట్టనిపించింది. ఇంజను ఆపేను. హారన్‌కి ఇంజనుతో పనిలేదు. ఆ మోతతోనే చావింటి ముందు ఆగేం.

అరుగు మీద కూర్చున్న మగవాళ్ళు లేచి నిలబడ్డారు. లోపల ఏడుస్తున్న ఆడవాళ్ళు ఏడుపాపి బయటికొచ్చేరు. పక్కింటి కుక్క మా కారుకి శ్రుతి కలిపింది. నేను బయటికి దూకి బానెట్ ఎత్తబోతే గొళ్ళెం రాలేదు. తొందరలో లాగిన తువ్వాలు నా మెడలో వేలాడుతోంది. తలుపు బార్లా తెరిచుంది. లోపల ఎర్ర స్టీరింగు, కొత్త పెళ్ళికూతురి బొట్టులా, అందరికీ కనిపిస్తోంది.

ఒక ముసలావిడ చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "మా అయ్య పోయిన ఇల్లు బాబూ ఇది. పెల్లోరిల్లు ఆ సివర" అంది.

ఎట్టకేలకు బానెట్ తెరుచుకుంది. హారన్ దగ్గర చేతికి దొరికిన వైరునల్లా పీకేసేను. మోత ఆగింది. అప్పలనాయుడుగారి పెద్దకొడుకు వచ్చి, తండ్రి పోయిన దుఃఖంలో ఉన్నవాడు, నన్నే ఓదార్చేడు. "పరవాలేదండి, పాతబండి కదా" అన్నాడు. ఆ మాటకి నాకు నిజంగానే ఏడుపొచ్చింది. బండి పాతదైతే తప్పు దానిదే అనుకున్నాడు పాపం.

బావ అక్క చెయ్యి పట్టుకుని దిగి, ఆ కుటుంబంతో కూర్చుని, చెప్పాల్సినవి చెప్పి, వినాల్సినవి విన్నాడు. తిరిగి వచ్చి కారెక్కేక, తలుపు వేసుకుని, నా వైపు చెయ్యి చాచి స్టీరింగు పట్టుకున్నాడు. ఒకసారి చుట్టూ తడిమేడు. బొటనవేలు దేనికోసమో వెతికింది.

"నాదేదిరా?"

"షాపులో... ఇచ్చేసేను బావా."

"నా అల్లిక కూడానా?" అంది వెనకనించి అక్క.

ఇంటిదాకా ఎవరూ మాట్లాడలేదు. పీకిన వైర్ల పుణ్యమా అని హారన్ కూడా మాట్లాడలేదు.

మర్నాడే షాపుకెళ్తే, హైవే మీద కొత్తగా పెట్టిన హోటల్ వాళ్ళు గోడ అలంకారానికి పట్టుకెళ్ళేరన్నాడు షాపువాడు. బావ నాతో వస్తానన్నాడు. అడ్డుచెప్పే మొహం నాకెక్కడిది? ఎర్ర స్టీరింగుతోనే తిప్పలు పడుతూ వెళ్ళేం.

హోటల్ గోడ మీద పాత లాంతర్లు, రేడియోలు, వాటి నడుమ మన స్టీరింగు. మధ్యలో హారన్ బొత్తం లేదు. ఆ ఖాళీలో ఒక గడియారం బిగించేరు. అల్లిక కూడా పీకేసేరు. దానికింద ఒక కుటుంబం నిలబడి సెల్ఫీ తీసుకుంటోంది.

హోటల్ నడిపే అమ్మాయి వచ్చింది. సంగతి విని మొహం మాడ్చుకుంది. "ఓనరే అక్కర్లేదని ఇచ్చేసేడని చెప్పేరండీ. ఓనరెవరు, ఈ సారేనా?" అని నా వైపు చూపించింది.

"ఈడు కాదమ్మా. ఈడు మా ఇంట్లో ఉంతన్నాడంతే" అన్నాడు బావ.

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ అమ్మాయి స్టీరింగుని గడియారంతో సహా దింపించి బావ చేతిలో పెట్టింది. హారన్ బొత్తం మాత్రం ఎక్కడ పారేసేరో వాళ్ళకే తెలీదంది. ఎర్రదాన్ని రేపు తెచ్చి ఆ గోడకి తగిలిస్తానన్నాను. "వద్దండి, బాగోదు" అంది. నా ఎంపిక మీద అంతకంటే సూటి విమర్శ నేను వినలేదు.

మెకానిక్ గడియారం ఊడదీసి పాత స్టీరింగు బిగించేడు. అక్క పాత ట్రంకుపెట్టెలోంచి వైరు తీసి, కారులోనే కూర్చుని, పగులు మీద మళ్ళీ అల్లింది. నేను పక్కన వైరు చుట్ట పట్టుకుని కూర్చున్నాను. "క్షమించక్కా" అన్నాను. "వైరు బిగువుగా పట్టుకో" అంది. క్షమించిందనే అనుకుంటున్నాను.

ఇక మిగిలింది మధ్యలో బొక్క. ఆ మోడల్ బొత్తం ఎక్కడ వెతికినా దొరకలేదు. చివరికి మెకానిక్, డాష్‌బోర్డు మీద ఇంటి కాలింగ్ బెల్ స్విచ్చి ఒకటి బిగించి హారన్ దానికి కలిపేడు. స్టీరింగు మధ్య బొక్క అసహ్యంగా ఉందని, బావే ఆ హోటల్ గడియారాన్ని తిరిగి అందులో పెట్టించేడు.

కన్ను బాగయ్యేక బావ మొదటిసారి బండి తీసేడు. ముగ్గురం ఉప్మాక గుడికి బయల్దేరేం. రోడ్డు మలుపులో బావ స్టీరింగు తిప్పుతుంటే, వెనకనించి అక్క అడిగింది:

"టైమెంతయిందండీ?"

బావ చక్రంతోపాటు తిరుగుతున్న గడియారం వైపు చూసేడు. అందులో పన్నెండు కింద ఉంది, ఆరు పైనుంది.

"ఉండవే" అన్నాడు, "మలుపు తిరిగేక సెప్తాను."

నేను తల దించుకున్నాను. ఆ క్షణమే ప్రతిజ్ఞ చేసేను, మీరంతా సాక్షులు. నా ఒంట్లో ఊపిరి ఉన్నంతవరకూ, నాది కాని బండిలో అద్దం దించాలన్నా అడిగే దించుతాను. సరే అన్నా కూడా సగమే దించుతాను. అదీ కుడివైపుదే.